రాలని చుక్క

రైలు గ్యాంగు గుడారాలు,
జూలియా క్రీక్‌కి పడమర,
21 జనవరి 1963

దలాసా అక్కా,

ఎలా ఉన్నావని అడగడానికి రాయడం లేదు. అక్కడ ఎవరు పోయారో తెలుసుకోవడానికి రాస్తున్నాను. అలా అడగకూడదని నాకు తెలుసు. చావు కబురు రక్త సంబంధం ఉన్నవాళ్ళు చెప్పుకోకూడదు, వియ్యం అందుకున్నవాళ్ళే వచ్చి చెప్పాలి. ఆ కట్టుబాటు నిన్ను తప్పమనను. అందరూ ఉంటే 'అందరూ ఉన్నారు' అని ఒక్క ముక్క రాయి. లేకపోతే ఆ ముక్క రాయకు. నాకు అర్థమవుతుంది.

మొన్న శుక్రవారం పొద్దు గూకాక పట్టాల పని ముగించి గుడారాల దగ్గర చేతులు కడుక్కుంటున్నాం. దక్షిణం వైపు నేల అంచున ఒక వెలుగు కనబడింది. అటు ఊరు లేదు, దారి లేదు, కనీసం పశువుల మంద కూడా లేదు. ఈ మైదానం సంగతి నీకు ఇదివరకే రాశాను. పెనం మీద పోసిన అట్టులా చదునుగా ఉంటుంది, చూపు ఆగడానికి ఒక్క చెట్టు ఉండదు. ఆ వెలుగు ఎర్రగా, నిప్పు కణికలా ఉంది. కాసేపు వణికింది, కాసేపు పెరిగింది, మేం నిప్పుల్లో కాల్చిన డాంపర్ రొట్టె, మటన్ తినడం ముగించేదాకా ఉండి తర్వాత సన్నగిల్లింది. శనివారం సాయంత్రం అదే చోట మళ్ళీ వచ్చింది, కాస్త చిన్నగా. నిన్న ఆదివారం వచ్చింది మాత్రం వేరు. తెల్లగా ఉంది. నేలకి మనిషెత్తు పైన నిలబడింది. వణకలేదు.

ఎలియాబు నీకు గుర్తున్నాడుగా, పక్క దీవి పాటగాడు. శుక్రవారమే వాడు నడిచి వెళ్ళి చూసొద్దామని లేచాడు. ఇంకో ఇద్దరు బూట్లు తొడుక్కున్నారు కూడా. నేనే ఆపాను. మన దీవుల నుంచి ఇక్కడికి పనికొచ్చిన వాళ్ళందరికీ నేను పెద్దని కాబట్టి నా మాట వింటారు. మాయెర్ దగ్గరికి ఎవరైనా వెళ్తారా? పోయినవాళ్ళ దారి అది, దానికి అడ్డం పడకూడదు అని కూర్చోబెట్టాను. భయం పోవడానికి పాట ఎత్తించాను. ముప్పైమంది నాలుగు గొంతుల్లో పాడితే ఈ మైదానంలో ఎంత దూరం పోతుందో, మేస్త్రీ తెల్లవాడైనా టోపీ తీసి వింటాడు.

కానీ అక్కా, మాయెర్ అంటే మనిషి పోయినప్పుడు రాలే చుక్క కదా. ఇది రాలలేదు. అదే నన్ను తినేస్తోంది.

ఇంకో సంగతి. మీ ఇంటికి రావలసిన మనిషి ఉత్తరం కంటే ముందు చేరతాడో వెనక చేరతాడో చెప్పలేను, మన పడవల తీరు తెలిసిందే. పేరు రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నేను తొందరపడ్డాను. అందరి ముందూ అలా చేసి ఉండకూడదు. ఆ మనిషితో నాకు కోపం లేదని చెప్పు. క్షమించమన్నానని మాత్రం చెప్పకు, అది ఎదురుపడినప్పుడు నేనే చెప్పుకుంటాను.

ఎండ ఎంతంటే పట్టా మీద చెయ్యి పెడితే తోలు ఊడి వస్తుంది. వానలు ఇంకా రాలేదు. నల్లరేగడి నేల కాలు దూరేంత పగుళ్ళు తీసింది.

అందరూ ఉన్నారని రాస్తావని ఎదురుచూస్తూ,
సైలస్


దీవి నుంచి,
19 ఫిబ్రవరి 1963

నా పెద్ద తమ్ముడు సైలస్‌కి,

అందరూ ఉన్నారు. ఇదిగో, మొదటి ముక్కే రాశాను. ఇంకొకసారి రాస్తాను చూసుకో, అందరూ ఉన్నారు. ఒబేద్ తాత కూడా ఉన్నాడు. ఎనభై దాటినా ఇప్పటికీ మన ఇంటి ముందు నుంచి వెళ్తూ వండినదేమిటో వాసన చూసి గాని కదలడు. తెల్లవారుజామున దగ్గుతాడు, సాయంత్రం అందరినీ తిడతాడు. ఆయన పోతే ఊరంతటికీ వినబడుతుందిలే, నీకు చుక్క చెప్పక్కర్లేదు.

నీ ఉత్తరం చదివి మొదట ఇల్లిల్లూ తిరిగి అందరినీ లెక్కపెట్టాను. తర్వాత కోపం వచ్చింది. ఇంత పెద్ద ఉత్తరం రాశావే, అసలైన సంగతి రాయలేదు. ఏ దిక్కుకి పోయింది ఆ వెలుగు? చిన్నప్పుడు నాన్న ఎన్నిసార్లు చెప్పాడు? చుక్క ఎటు రాలితే అటు పోయినవాళ్ళ ఊరు. తోక నుంచి నిప్పురవ్వలు ఎన్ని ఊడితే అంతమంది పిల్లలు. రాలాక దూరంగా డోలు కొట్టినట్టు చప్పుడు వినబడితే, మనిషి ఇల్లు చేరినట్టు. నువ్వు దిక్కూ చెప్పలేదు, రవ్వలూ చెప్పలేదు, చప్పుడూ చెప్పలేదు. నిలబడిందట. నిలబడేది దీపం అవుతుంది గాని మాయెర్ ఎలా అవుతుంది? మీ మేస్త్రీ ఎవరికో లాంతరు ఇచ్చి పంపి ఉంటాడు, మీరు ముప్పైమంది మగాళ్ళు దాన్ని చూసి పాటలు పాడారు. ఇక్కడ ఆడవాళ్ళకి చెబితే నవ్వి నవ్వి నీ పేరు చెడుతుందని చెప్పలేదు.

నువ్వు పేరు రాయలేకపోయావని చదివి మటుకు నవ్వాను. ఎలా రాస్తావులే. ఆ మనిషి ఈ నెల పదమూడున పడవ దిగాడు. ఎండకి కమిలిపోయి, సగానికి సగం చిక్కిపోయి వచ్చాడు. రెండు రోజులు తిండికి తప్ప లేవలేదు. ఇప్పుడు కంద తోటలో పడ్డాడు. నీ మాట చెప్పాను. పలుగు పక్కన పెట్టాడు. తర్వాత, 'నాకూ కోపం లేదు, తప్పు నావైపూ ఉంది' అన్నాడు. అన్నాక మొహం పక్కకి తిప్పుకున్నాడు. మగాళ్ళకి అంతకంటే ఎక్కువ మాట్లాడితే పళ్ళు ఊడతాయి కాబోలు. ఇక ఆ గొడవ అయిపోయింది. నువ్వు మనసులో పెట్టుకుని కుమలకు.

మొగలి చాపలు రెండు అల్లి పంపుతున్నాను. ఒకటి నీది. రెండోది ఎవరిదో చెప్పక్కర్లేదు. నేల మీద పడుకోకండి, చీమలంటావు, పగుళ్ళంటావు.

ఇంకా బోలెడు రాయాలి. అటు పడవవాడు కూత మీద కూత వేస్తున్నాడు. వాడికి మన దీవిలో ఆగడమంటే ముల్లు మీద కూర్చున్నట్టు.

ఆ వెలుగు మళ్ళీ వస్తే దిక్కు చూడు. పాట తర్వాత పాడుదువుగాని.

నీ అక్క,
దలాసా


రైలు గ్యాంగు గుడారాలు,
18 మార్చి 1963

అక్కా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. గుండె మీది బండ దించావు. ఆ పదమూడో తారీఖు ముక్కని ఎన్నిసార్లు చదివానో చెప్తే నవ్వుతావు. పనిలో పట్టాల కింది రెండు స్లీపరు దుంగల మధ్య ఆగి కూడా తీసి చదువుకున్నాను. మేస్త్రీ చూసి, ఎవరైనా అమ్మాయా అని అడిగాడు. మా అక్క అన్నాను.

ఇప్పుడు ధైర్యంగా అడుగుతాను. చెంప మీద వాపు పూర్తిగా తగ్గిందా? నా ఉంగరం తగిలి పెదవి చిట్లింది కూడా. ఆ శుక్రవారం పొద్దున పట్టా ఎత్తుతున్నాం. పద్నాలుగు మంది ఒక్క మాట మీద ఎత్తి ఒక్క మాట మీద దించాలి. వాడు పరధ్యానంలో ముందే వదిలేశాడు. ఎలియాబు పాదం వెంట్రుకవాసిలో తప్పింది. నాకు ఒళ్ళు తెలియలేదు, అందరి ముందూ కొట్టాను. వాడు పెదవి తుడుచుకున్నాడు. నీళ్ళ సంచి భుజాన వేసుకుని, 'నేను అక్క దగ్గరికి పోతున్నా' అన్నాడు. పొమ్మన్నాను. పొమ్మని నేనే అన్నాను అక్కా. తర్వాతి రోజు గూడ్సు బండి గార్డు, మీ దీవివాడొకడు నిన్న స్టేషన్లో ఎక్కాడని చెప్పేదాకా నాకు అన్నం సయించలేదు. పదమూడున దిగాడంటే మధ్యలో ఏదో దీవిలో ఆగి ఉంటాడు. అంత చిక్కిపోయాడంటే దారిలో సరిగా తినలేదన్నమాట. వాడికి నువ్వు చేసే కొబ్బరిపాల చేపలు పెట్టు, రెండు వారాల్లో తేరుకుంటాడు.

చాపలు అందాయి. రెండోది ఎలియాబుకిచ్చాను. చెప్పక్కర్లేదని రాశావుగా, పాదం తప్పించుకున్నవాడు వాడేనని నీకు తమ్ముడు చెప్పి ఉంటాడని అనుకున్నాను.

ఇక వెలుగు సంగతి. నవ్వకుండా చదువు.

వస్తూనే ఉంది. వారంలో నాలుగైదు సాయంత్రాలు. పొద్దు గూకి, పడమట ఎరుపు ఇంకా ఉండగానే వస్తుంది. అదే చోట, అదే ఎత్తున, తెల్లగా. దిక్కు చూడమన్నావు, చూస్తూనే ఉన్నాను. ఏ దిక్కుకీ పోదు. రవ్వలు లేవు. చప్పుడు లేదు. లాంతరు అన్నావు. ఫిబ్రవరి చివర వానలు పడి ఆ వైపంతా మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. లాంతరు పట్టుకుని ఎవడు నిలబడతాడు అక్కడ? నీళ్ళున్న రోజుల్లో రెండు కనిపించేవి, పైన ఒకటి, నీళ్ళలో ఒకటి. కిందది వణికేది, పైది వణికేది కాదు.

గ్యాంగులో సగం మంది గుడారాలు పట్టాల అవతలికి మార్చుకున్నారు. వంటవాడు అటు వైపు వీపు పెట్టి వడ్డిస్తాడు. ఇక్కడ జార్జి అని ఒక ముసలాయన ఉన్నాడు, ఈ నేల తాతల నాటి నుంచి ఆయనవాళ్ళదే, పశువులు తోలుతాడు. ఆయన్ని అడిగాను. నా మొహం చూసి, మీకు అది కొత్త, మాకు కాదు, దాన్ని తేరిపార చూడకు, వెంటపడకు, వెంటపడినవాళ్ళని అది నడిపిస్తూనే ఉంటుంది అన్నాడు. ఎందుకొచ్చింది అంటే పశువుల వైపు తిరిగి వెళ్ళిపోయాడు. చెప్పడం ఇష్టం లేదో, నాకు చెప్పవలసిన మాట కాదనుకున్నాడో.

అక్కడ అందరూ ఉన్నారు. ఇక్కడ ముప్పైమందిమీ ఉన్నాం. మరి ఇది ఎవరిది? ఒబేద్ తాతని అడుగు. రాలని చుక్క గురించి ఆయన తాత ఏమైనా చెప్పాడేమో కనుక్కో. ఆయన తిట్టినా సరే.

తమ్ముడికి నా పేరు చెప్పి తల నిమురు. వద్దంటే ఊరుకో.

సైలస్


దీవి నుంచి,
9 ఏప్రిల్ 1963

సైలస్,

ఎవరి చెంప? ఎవరి పెదవి?

పడవ ఇంకో రెండు వారాలకి గాని తిరిగి రాదు. అందుకని నీ ఉత్తరం చదివిన పూటే కౌన్సిల్ ఇంటికి పరిగెత్తి వైర్‌లెస్‌లో చెప్పించాను. తమ్ముడు నాసన్ ఇక్కడ లేడు, వెతుకు అని. అది ఈపాటికి నీకు అంది ఉంటుంది. ఈ ఉత్తరం చేరేసరికి నువ్వు వాణ్ణి ఎక్కడో పట్టుకుని ఉంటావు, ఏదో ఊళ్ళో సారా కొట్టు దగ్గరో, పశువుల కాపుల దగ్గర పనిలోనో. ఉండాలి. అయినా రాస్తున్నాను. రాయకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

పదమూడున పడవ దిగింది మీ బావ. సముద్రం అడుగున ట్రోకస్ గవ్వల చిప్పలు ఏరడానికి ఆరు నెలలు ఓడ మీద పోయి వచ్చాడు. కంద తోట గట్టు దగ్గర పదిమంది ముందు నువ్వూ మీ బావా గొడవపడి మూడేళ్ళయింది. అప్పటి నుంచి నువ్వు ఆయన్ని 'ఆ మనిషి' అనే అంటున్నావు. బావ పేరు మనలో ఎవరూ పలకరు, రాయరు. బావా అని పిలవడం నువ్వు కోపంతో మానేశావు. అలాంటప్పుడు 'పేరు రాయడానికి చెయ్యి రాలేదు' అని రాస్తే నేను ఎవరనుకోవాలి? సొంత తమ్ముడి పేరు రాయడానికి చెయ్యి రాని అన్న ఉంటాడని నాకేం తెలుసు? నువ్వు మీ బావతో రాజీకొచ్చావనుకుని ఆ రోజు కొబ్బరి నూనె దీపం పెట్టి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆయన కూడా నిజంగా సంతోషించాడు రా. మొహం తిప్పుకుంది ఏడుపు దాచుకోవడానికి.

రెండో చాప నాసన్‌ది. అంచున వాడికి ఇష్టమైన ఎర్ర పోగు కలిపి అల్లాను. నీకు కనబడలేదా?

లెక్కపెట్టాను. జనవరి పద్దెనిమిది నుంచి ఈ రోజుకి ఎనభై ఒక్క రోజులు. ఎనభై ఒక్క రోజులు నువ్వు వాడు నా దగ్గర ఉన్నాడనుకున్నావు, నేను నీ దగ్గర ఉన్నాడనుకున్నాను. వాడు రాయడు కదా, చిన్నప్పటి నుంచి పలక అంటేనే పారిపోయేవాడు, అందుకే నేనూ పట్టించుకోలేదు. తప్పు నీదొక్కడిదే అనను. కానీ గార్డు చెప్పాడని నమ్మావే, ఆ గార్డుకి మన దీవుల వాళ్ళలో ఏ ఇద్దరినైనా వేరుగా గుర్తుపట్టడం వచ్చా? నిన్నెన్నిసార్లు ఎలియాబు అని పిలిచాడో నువ్వే రాశావు కిందటేడు.

ఒబేద్ తాత దగ్గరికి వెళ్ళాను. నాసన్ సంగతి చెప్పకుండా వెలుగు సంగతి మాత్రమే అడిగాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలాసేపు ఇసుకలో గీతలు గీశాడు. తర్వాత, 'ఏడ్చినవాళ్ళు లేని చుక్క రాలదమ్మా. ఎటు పోవాలో దానికెవరు చెప్తారు?' అన్నాడు. ఎవరి గురించి అడుగుతున్నావని మాత్రం అడగలేదు.

నేను ఏడవలేదు. ఏడవడానికి ఏం జరిగిందని? వాడు బతికే ఉన్నాడు. నువ్వు వెతుకు. ఆ వెలుగు వైపు కూడా వెతుకు. మాయెర్ అని కూర్చోకు.

దలాసా


జూలియా క్రీక్,
17 ఏప్రిల్ 1963

బావా,

ఈ ఉత్తరం మీకు. కవరు మీద మీ పేరు ఎలియాబు రాశాడు, నేను రాయకూడదు కాబట్టి. అక్క చూడకముందే మీ చేతికి రావాలని పడవవాడికి వేరే చీటీ కూడా పెట్టాను. కానీ పడవ దగ్గరికి ముందు పరిగెత్తేది అక్కే. నా దస్తూరీతో మీకు ఉత్తరం రావడం చూడగానే ఆమెకి తెలిసిపోతుంది. అది ఆపడం నా వల్ల కాదు, మీ వల్లా కాదు.

చెప్పవలసిన వాళ్ళు మీరు. మన ఆచారం ప్రకారం చెప్పండి. మీ అన్నదమ్ములని పక్కన పెట్టుకోండి, ఆమెని ఒంటరిగా ఉంచకండి.

వైర్‌లెస్ మాట నాకు పదో తారీఖున అందింది. గుడ్ ఫ్రైడే సెలవు కాబట్టి ముప్పైమందిమీ కదిలాం. జార్జి ముందు నడిచాడు. ఇంకెక్కడా వెతకలేదు బావా, నేరుగా దక్షిణానికి నడిచాం. పట్టాలు స్టేషన్ వైపు పెద్ద వంపు తిరుగుతాయి, అడ్డంగా పోతే నాలుగు మైళ్ళు కలిసొస్తుందని తమ్ముడు మైదానంలోకి దిగాడు. గుడారాలకి మూడు మైళ్ళలో ఒక ఎండిన వాగు ఉంది. దాని గట్టు పక్కనే ఉన్నాడు. ఉన్నాడని రాశాను, వేరే మాట రావడం లేదు. నీళ్ళ సంచి మీద పేరు ఉంది, బెల్టు నేను కొనిచ్చినదే. ఎడమ కాలు మోకాలి కింద విరిగి ఉంది. రేగడి పగులులో కాలు దిగబడి విరిగిందన్నాడు పోలీసాయన. కదల్లేకపోయాడు. ఇక్కడి శ్మశానంలో పాదిరిగారితో మట్టి చేశాం, మేస్త్రీ స్లీపరు కర్రతో సిలువ చేయించాడు.

ఇంతవరకు మీరు అక్కకి చెప్పాలి. ఇకపై రాసేది చెప్పాలో వద్దో మీరే తేల్చండి.

వాగు గట్టు మీద, ఈసారి నీళ్ళు ఎక్కని ఎత్తులో, ఎప్పటి వరదకో కొట్టుకొచ్చిన పెద్ద మొద్దు ఉంది, సగం కాలింది. పక్కన ఖాళీ అగ్గిపెట్టె. వాడు మంట వేశాడు. మాకు కనబడాలని వేశాడు. మాకు కనబడింది. శుక్రవారం, శనివారం మేం చూసిన ఎర్రటిది వాడి మంటే. ఎలియాబు వెళ్దామని లేస్తే కూర్చోబెట్టింది నేను. చనిపోయినవాళ్ళ దారికి అడ్డం పడొద్దని పెద్దరికం చేశాను. పాట ఎత్తించాను. ముప్పై గొంతులు ఆ చదును నేల మీద మూడు మైళ్ళు వినబడతాయి, ఆ మాట మేస్త్రీ మాతో ఎన్నోసార్లు అన్నాడు. వాడు కూడా అదే పాటలో రెండో గొంతు పాడేవాడు. అక్కడ కూర్చుని విని ఉంటాడు. ఇప్పుడొస్తారు, పాట అయిపోగానే వస్తారు అనుకుని ఉంటాడు.

ఆదివారం నుంచి తెల్లగా నిలబడింది ఏమిటో నాకు తెలియదు. అప్పటికి అగ్గిపుల్లలు అయిపోయాయి. పోలీసాయన్ని అడిగితే భూమి వేడికి దూరపు దీపాలు అలా తేలుతాయన్నాడు. దూరాన ఏ దీపాలు అంటే తెలియదన్నాడు.

మట్టి చేశాక పోతుందనుకున్నాను. పోలేదు. పోలేదు గాని చోటు మారింది. ఇప్పుడు వాగు దగ్గర లేదు, ఇంకా దక్షిణాన ఉంది. నేను సాయంత్రాలు వాగు దాకా నడుస్తున్నాను. నేను వెళ్ళినంత మేరా అది వెనక్కి జరుగుతుంది, ఆగితే ఆగుతుంది. ఎలియాబు వద్దని గొడవపడుతున్నాడు. నాకు భయం లేదు బావా. ఒకసారి దాని దగ్గరికి వెళ్ళలేదు, ఆ ఒక్కసారికి ఎంతయిందో చూశారుగా. మళ్ళీ వెళ్ళకుండా ఎలా ఉండను?

ఇంటికి రమ్మని అక్క అంటుంది. ఆ రెండో సంగతి మీరు దాస్తే, దాచిన మొహంతో ఆమె ముందు కూర్చోలేను. చెప్తే అసలే రాలేను.

కంద తోట గట్టు దగ్గర ఆ రోజు తప్పు నాది. హద్దు రాయి మీరు పెట్టిన చోటే సరైనది.

సైలస్


దీవి నుంచి,
20 మే 1963

సైలస్,

మీ బావ నాకు అంతా చెప్పాడు. రెండోది కూడా. దాచమని నేనైతే అనను, నువ్వు అనాల్సింది కూడా కాదు. ఆయన తన అన్నదమ్ములు ముగ్గురితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సొంత ఇంటి గుమ్మంలో పరాయివాడిలా, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను కందలు తొక్కు తీస్తున్నాను. పూర్తిగా తీసే దాకా ఆగమన్నాను. ఆగారు. తర్వాత చెప్పారు.

ఏడ్చాం రా. ఊరంతా వచ్చింది. మూడు రోజులు పొయ్యి మా ఇంట్లో వెలగలేదు, మీ బావ తరఫు ఆడవాళ్ళే వండి తెచ్చారు. ఒబేద్ తాత వాడి పేరు పెట్టి సముద్రం వైపు తిరిగి పిలిచాడు, ఇటు రా, ఇదీ దారి అని. నాలుగో రోజు సాయంత్రం, అందరం బయటే ఉన్నాం, దక్షిణం నుంచి ఇటు వైపుగా ఒక చుక్క రాలింది. నిప్పురవ్వలు లేవు, వాడికి పిల్లలు లేరుగా. రాలాక కొండ అవతల డోలు కొట్టినట్టు చప్పుడు అందరికీ వినబడింది. పసిపిల్లలకి కూడా. ఇల్లు చేరాడు. ఆ రాత్రి నేను నెల రోజుల తర్వాత నిద్రపోయాను.

నీ మీద నాకు కోపం ఉంది. లేదని రాయను. ముప్పైమంది ముందు వాడి చెంప పగలగొట్టావు. మంట చూసి కూర్చున్నావు. దానికి నిన్ను ఏమనాలో నాకు ఇంకా మాట దొరకలేదు, దొరికాక ఎదురుగా కూర్చోబెట్టి అంటాను. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు అంటాను, నువ్వు వింటావు. అందుకోసమైనా నువ్వు రావాలి. అక్కడే ఉండిపోయి నిన్ను నువ్వు శిక్షించుకుంటే నాకు మిగిలేదేమిటి? మొహం చూపించలేనంటున్నావట. చూపించకపోతే మానె, తల వంచుకునే రా. మీ బావ పడవకి ఎదురొచ్చి తీసుకొస్తానన్నాడు.

ఇది రాయడానికి కూర్చున్నది మాత్రం వేరే సంగతి కోసం.

ఈ నెల పదకొండున పొద్దు గూకాక పగడపు దిబ్బ మీద ఒక వెలుగు కనబడింది. పడవేమో అనుకున్నాం. పడవ కాదు. నైరుతిన, నీళ్ళకి మనిషెత్తు పైన, తెల్లగా ఉంది. వణకలేదు. పన్నెండున వచ్చింది. పద్నాలుగున వచ్చింది. మీ బావ పడవ వేసుకుని బయల్దేరితే అది వెనక్కి జరిగింది, నువ్వు రాసినట్టే. నేను కేకలు వేసి ఆయన్ని వెనక్కి పిలిచాను.

నాసన్ చుక్క రాలిపోయింది. మేమందరం చూశాం. మరి ఇది ఎవరిదని ఒబేద్ తాతని అడిగాను. ఆయన నా మొహం చూశాడు, కర్ర తీసుకుని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

పదిహేనున నీకు వైర్‌లెస్ కొట్టించాను. పదిహేడున ఎలియాబు పేరున కొట్టించాను. రెండింటికీ జవాబు లేదు. కౌన్సిల్ ఇంట్లో అతను వాన వల్ల తీగలు తెగి ఉంటాయంటాడు. మే నెలలో అక్కడ వానలేమిటి?

ఇక్కడి ఆడవాళ్ళు నిన్న మా గుమ్మం ముందుకొచ్చి కూర్చున్నారు. మీ బావ అన్నదమ్ములు కూడా దూరంగా చెట్టు కింద నిలబడ్డారు. ఎందుకొచ్చారో నాకు తెలుసు. ఏడవమంటున్నారు. ఏడిస్తే అది రాలుతుందట, దాని దారిన అది పోతుందట. అందరినీ ఇళ్ళకి పొమ్మన్నాను.

నేను ఏడవను. అది అక్కడ ఎన్నాళ్ళు నిలబడితే అన్నాళ్ళు నిలబడనీ. నీ దస్తూరీతో నాకు ఉత్తరం వచ్చేదాకా నా కంట్లోంచి ఒక్క చుక్క రాదు. ఎవరెన్ని చెప్పినా రాదు. రెండు ముక్కలు చాలు, ఉన్నానని రాయి. నాకే రాయి సైలస్, మీ బావకి రాయకు.

నీ అక్క